ఓటు ఊళ్లోనే ఉంచుకోవాలా, బెంగళూరుకు మార్చుకోవాలా?

2024 మే 13, సోమవారం. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకీ, తెలంగాణలో లోక్‌సభకీ పోలింగ్. ముందు రెండు రోజులు బెంగళూరు నుంచి ఆంధ్ర వైపు వెళ్లే బస్సుల్లో సీటు దొరకడం గగనమైపోయింది. అదే బెంగళూరులో అంతకు పదిహేడు రోజుల ముందు, ఏప్రిల్ 26న, పోలింగ్ జరిగితే నగరంలోని ఉత్తర, మధ్య, దక్షిణ స్థానాలు మూడూ 53, 54 శాతం దగ్గరే చతికిలబడ్డాయి. ఆంధ్రలో 80 దాటింది.

దీనికి బెంగళూరువాళ్ల బద్ధకమే కారణమంటే నేనొప్పుకోను. పోలింగ్ శుక్రవారం పడింది, సెలవులు కలిసొచ్చాయని కూర్గ్ బయల్దేరినవాళ్లు ఉంటారు, నిజమే. ఊరు విడిచిపోయినా పేరు జాబితాలో మిగిలిపోయినవాళ్లు కూడా ఆ శాతాన్ని కిందికి లాగుతారు. ఇక పదేళ్లుగా ఇక్కడే ఉంటూ ఇక్కడి జాబితాకే ఎక్కనివాళ్లు ఆ శాతంలో అసలు కనిపించరు. మన తెలుగువాళ్లలో ఈ ఆఖరి రకం చాలామంది. అద్దె ఇక్కడ, జీతం ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ, ఓటు మాత్రం నరసరావుపేటలోనో నంద్యాలలోనో. ఎన్నికలొచ్చినప్పుడల్లా బస్సెక్కాలా, ఓటే ఇక్కడికి తెచ్చేసుకోవాలా అని ఊగిసలాడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బెంగళూరులో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ గొడవ లేదు, వాళ్లు చదవకపోయినా నష్టం లేదు.

ముందు చట్టం సంగతి

చాలామంది ఇదేదో మన ఇష్టం అనుకుంటారు. పూర్తిగా కాదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఎక్కడ మామూలుగా నివాసం ఉంటున్నారో అక్కడే ఓటు. ఊళ్లో ఇల్లుంది, పొలం ఉంది అన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని 20వ సెక్షన్ తేల్చి చెబుతుంది. అదే సెక్షన్ ఇంకో మాటా అంటుంది: తాత్కాలికంగా బయటికెళ్లినంత మాత్రాన నివాసం పోదు. ఈ రెండు వాక్యాల మధ్యలో ఎంత చోటుందో అంతే మన ఎంపిక. ఆరు నెలల ప్రాజెక్టు మీద వచ్చినవాడిది తాత్కాలికం. వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాటు కొని, పాపని ఇక్కడే రెండో తరగతిలో వేసినవాడిది తాత్కాలికం అంటే ఓటరు జాబితా కోసం ఇంటింటికీ వచ్చే బూత్ స్థాయి అధికారి, అదే బీఎల్ఓ, కూడా నవ్వుతుంది.

రెండు చోట్లా ఉంచుకోవడం అన్నది ఎంపికే కాదు. 17వ సెక్షన్ ఒకటికి మించిన నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదంటుంది. దరఖాస్తులో తెలిసి తప్పుడు వివరాలిస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. "అక్కడ అసెంబ్లీకి, ఇక్కడ కార్పొరేషన్‌కి" అని తెలివిగా లెక్కలేసేవాళ్లు నాకు తెలుసు. స్థానిక ఎన్నికల జాబితా కూడా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది కాబట్టి ఓటు కదిలితే అన్నీ కలిసే కదులుతాయి. సర్పంచి ఓటు అక్కడ, ఎమ్మెల్యే ఓటు ఇక్కడ అన్న వెసులుబాటు లేదు.

ఊరి ఓటుకి ఎక్కువ బరువు

ఇది సెంటిమెంటు మాట కాదు, లెక్క. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 4.14 కోట్ల ఓటర్లు, 175 అసెంబ్లీ సీట్లు. సగటున ఒక్కో ఎమ్మెల్యేకి 2.37 లక్షల మంది. ఇటు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఉన్న మహదేవపురంలో ఆరు లక్షలకు పైగా ఓటర్లకు ఒక్కరే ఎమ్మెల్యే. 2001 జనాభా లెక్కల ఆధారంగా 2008లో నియోజకవర్గాల హద్దులు గీశారు. ఆ తర్వాత ఐటీ కారిడార్‌లో అపార్టుమెంట్లు లేస్తూనే ఉన్నాయి, గీత మాత్రం జరగలేదు. కాబట్టి మీ ఓటు ఊరి నుంచి మహదేవపురానికి వస్తే దాని బరువు సగానికి తక్కువవుతుంది.

పంచాయతీ దగ్గరికొస్తే ఊరి ఓటు ఇంకా బరువెక్కుతుంది. కొన్ని వందల ఓట్లున్న వార్డులో ఒక ఇంట్లో నలుగురు ఎటు మొగ్గితే అటే ఫలితం. ఆ గెలిచిన మనిషి మీకు వరసకి బాబాయో మరిదో అవుతాడు, ఫోన్ చేస్తే ఎత్తుతాడు. ఈ దగ్గరితనం వల్ల డబ్బు ఎటు పోతుందన్నది కూడా మారుతుంది. పశ్చిమ బెంగాల్ పంచాయతీల మీద రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో 2004లో వెలువరించిన అధ్యయనం ఈ విషయంలో ప్రసిద్ధం: మహిళలకు రిజర్వైన చోట్ల ఖర్చు తాగునీటి వైపు మళ్లింది, ఎందుకంటే బిందె మోసేది వాళ్లే. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి రాకముందే కర్ణాటకలో పంచాయతీరాజ్ మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్ పంచాయతీలకు అధికారాలు దించి చూపించాడు. ఆయన్ని జనం 'నీర్ సాబ్' అనే పిలిచేవాళ్లు, బోర్లు అంత వేయించాడు కాబట్టి.

అయితే ఊరిని మరీ నెత్తికెత్తుకోవద్దు. ఆంధ్రలో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారులే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు నిలిచిపోతాయి. అంటే సర్పంచి లేకపోవడమంటే ఊళ్లో ఒక కుర్చీ ఖాళీగా ఉండటం మాత్రమే కాదు, వీధి దీపానికీ మురిక్కాలువకీ వచ్చే డబ్బు ఆగడం.

ఊరి ఓటు వదలనివ్వని భయాలు కొన్నున్నాయి. ఓటు తీసేస్తే అమ్మ పింఛను పోతుందని, రేషన్ కార్డులో పేరు కొట్టేస్తారని, రీసర్వేలో పొలం హద్దు తేడా వస్తే పలికేవాడు ఉండడని. చట్టంలో ఈ లంకెలేవీ లేవు. మీ అమ్మగారి పింఛను ఆవిడ పేరు మీద, ఆవిడ అర్హత మీద ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకానికి ఓటరు కార్డుతో పని లేదు. కాకపోతే ఓటు లేనివాడి ఫిర్యాదుకి ఊళ్లో ఎంత విలువుంటుందన్న అనుమానం పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. పొలం తగాదా కోర్టులో నలుగుతూ, నెలకోసారి ఊరెళ్లి వస్తుంటే, తల్లిదండ్రులు అక్కడే ఉంటే, మీ జీవితం సగం ఇంకా ఊళ్లోనే నడుస్తోంది. అలాంటివాళ్లు ఉంచుకోవడంలో న్యాయముంది.

బెంగళూరు ఓటుతో ఏమొస్తుంది

సూటిగా చెప్పాలంటే, నీళ్లు. 2007లో నగర శివార్లలోని 110 గ్రామాలను కలిపి బీబీఎంపీ అనే పెద్ద నగరపాలక సంస్థ చేశారు. అక్కడివాళ్ల దగ్గర నగరం పన్ను కట్టించుకుంది, కావేరి నీళ్లు మాత్రం ఇవ్వలేదు. 2024 వేసవిలో నగరంలోని సుమారు 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ఉపముఖ్యమంత్రి డీకే శివకుమారే చెప్పాడు. ట్యాంకర్ల రేట్లు ఎంత పెరిగాయంటే జిల్లా యంత్రాంగం దిగి ధర కట్టాల్సి వచ్చింది. మన అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఇవాళ ట్యాంకర్ రాదు, ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే మోటారు" అన్న మెసేజీలు ఎవరూ మర్చిపోయి ఉండరు. ఆ 110 గ్రామాల కోసం కట్టిన కావేరి నీటి పథకం అయిదో దశ 2024 అక్టోబరు 16న మొదలైంది. విలీనమైన పదిహేడేళ్లకి.

ఇంత ఆలస్యానికి వలసవాళ్ల ఓట్లు లేకపోవడమొక్కటే కారణమని నేననను. డబ్బు, భూసేకరణ, పైపులైన్లు, అన్నీ ఉన్నాయి. కానీ ట్యాంకరు కోసం క్యూలో నిలబడ్డవాళ్లలో ఎంతమంది పేర్లు ఓటరు లిస్టులో ఉన్నాయన్నది ఎమ్మెల్యే ఆఫీసులో కూర్చున్న మనిషికి బాగా తెలుసు. పోలింగ్ బూత్‌ల వారీ లిస్టు అతని బల్ల మీదే ఉంటుంది.

ఓటర్లు కొత్తగా లెక్కలోకి వస్తే ఏమవుతుందో బ్రెజిల్ చూపించింది. అక్కడ కాగితం బ్యాలెట్ మీద అభ్యర్థి పేరో నంబరో రాయాల్సి వచ్చేది. చదువు రానివాళ్ల ఓట్లు పెద్ద సంఖ్యలో చెల్లకుండా పోయేవి. 1998లో 40,500 మందికి మించిన ఓటర్లున్న మునిసిపాలిటీల్లో మాత్రం ఎలక్ట్రానిక్ యంత్రాలు పెట్టారు, అభ్యర్థి ఫొటో తెర మీద కనబడుతుంది. చెల్లని ఓట్లు తగ్గాయి. పేదలకు నిజంగా ఓటు దక్కింది. థామస్ ఫుజివారా 2015లో ప్రచురించిన పరిశోధన తేల్చిందేమిటంటే, ఆ తర్వాత రాష్ట్రాలు ప్రజారోగ్యం మీద ఖర్చు పెంచాయి, చదువుకోని తల్లులకు తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు. జనం కొత్తగా వచ్చి చేరలేదు. ఉన్న జనమే లెక్కలోకి వచ్చారు, బడ్జెట్ అటు తిరిగింది. 

ఇక బెంగళూరు ఓటులో ఉన్న పెద్ద లోపం. కార్పొరేటర్ లేడు. 2015లో ఎన్నికైన బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అధికారుల పాలనే. వార్డుల సంఖ్య మార్చారు, మళ్లీ మార్చారు, కేసులు నడిచాయి. 2025 సెప్టెంబరులో బీబీఎంపీనే తీసేసి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు కార్పొరేషన్లు చేశారు. ఆస్తి పన్ను మాత్రం ఏ ఏడాదీ ఆగలేదు. 74వ సవరణ 1993 నుంచీ అమల్లో ఉన్న దేశంలో, సాఫ్ట్‌వేర్ రాజధాని అని చెప్పుకునే నగరంలో, కుగ్రామానికి ఉన్న సర్పంచిపాటి మనిషి కూడా వార్డుకి లేకుండా ఇన్నేళ్లు గడవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వార్డు కమిటీ మీటింగులకు వెళ్లొచ్చు, గుంతల ఫొటోలు చూపించొచ్చు. 1881లో దివాన్ రంగాచార్లు మైసూరులో ప్రజాప్రతినిధి సభ పెట్టినప్పుడూ ఇదే తంతు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు తమ అవసరాలు విన్నవించుకోవచ్చు, పైసా ఖర్చు మీద అధికారం మాత్రం వాళ్లకు లేదు. ఇవాళ్టి వార్డు మీటింగు దానికంటే ఎంతో ముందుకు పోలేదు.

కాబట్టి ఇక్కడికి మారేవాళ్లు ఎమ్మెల్యే, ఎంపీ ఓట్ల కోసమే మారుతున్నామనుకుని మారండి. కార్పొరేటర్ ఓటు ఎప్పుడు వస్తే అప్పుడు అదనం.

"ఒక్క ఓటుతో ఏమవుతుంది"

ఇది రెండు వైపుల నుంచీ వినబడే మాట కాబట్టి రెండు వైపుల నుంచీ జవాబు. 2023 కర్ణాటక ఎన్నికల్లో జయనగరలో సి.కె. రామమూర్తి గెలిచింది 16 ఓట్లతో, సౌమ్యా రెడ్డి మీద. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు గెలిచింది 25 ఓట్లతో, బోండా ఉమా మీద. జయనగరలో ఒక చిన్న అపార్టుమెంటు తెలుగువాళ్లు ఓటు మార్చుకుని ఉంటే చాలు, లేదా బెజవాడ వెళ్లాల్సిన ఒక బస్సు లేటైతే చాలు, ఫలితం తారుమారయ్యేది.

బెంగళూరు చుట్టుపక్కల తెలుగు ఓటు విలువ పార్టీలకు బాగానే తెలుసు. చిక్కబళ్లాపురంలో 2023లో కె. సుధాకర్ తరఫున ప్రచారానికి బ్రహ్మానందాన్ని తీసుకొచ్చారు. జనం విరగబడి నవ్వారు, సుధాకర్ ఓడిపోయాడు. మన భాషలో మాట్లాడితే చాలు ఓటేస్తాం అనుకోవడం మనల్ని తక్కువ చేయడమే. నీళ్ల గురించి తెలుగులో మాట్లాడితే వింటాం.

ఎవరు ఏం చేస్తే బాగుంటుంది

ఫ్లాటు కొన్నవాళ్లు, అద్దె ఇంట్లోనే అయినా పిల్లల చదువు ఇక్కడ సాగుతున్నవాళ్లు మార్చుకోవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. చట్టం చూసినా అంతే, మీ నెల ఖర్చుల లెక్క చూసినా అంతే. స్కూలు ఫీజు, మెట్రో, రోడ్డు, కరెంటు, వీటి మీద నిర్ణయాలు విధానసౌధలో జరుగుతాయి, అమరావతిలో కాదు. భార్యాభర్తల్లో ఒకరి ఓటు ఇక్కడ, ఒకరిది ఊళ్లో ఉంచుకునే ఇళ్లున్నాయి. పన్నెండు నెలలూ ఒకే కప్పు కింద ఉంటూ ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ నివాసం అంటే అది నిలవదు.

పీజీల్లో ఉంటూ రెండేళ్లకొకసారి కంపెనీ మారే కుర్రాళ్ల సంగతి వేరు. ఇవాళ బీటీఎం, రేపు హైదరాబాద్, ఎల్లుండి పుణె. వాళ్లకి ఇంకా ఇల్లంటే అమ్మానాన్నల ఇల్లే. ఉంచుకోండి, కానీ ఉంచుకున్నాక వెళ్లి వేయండి. ఊళ్లో ఓటుండి, పోలింగ్ రోజున బెంగళూరు కేఫ్‌లో కూర్చుని రాష్ట్ర రాజకీయాలు విశ్లేషించేవాళ్ల మీద నాకు బొత్తిగా జాలి లేదు. సెలవు ఇవ్వనంటే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి సెక్షన్ గుర్తు చేయండి. పోలింగ్ జరిగే నియోజకవర్గంలో ఓటుండి బయట పనిచేసేవాళ్లకీ వేతనంతో సెలవు వర్తిస్తుందని ఎన్నికల సంఘం చెప్పింది. హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థులకు సంఘమే వెసులుబాటు ఇచ్చింది, ఇల్లు గానీ హాస్టలు గానీ ఏదో ఒకటి ఎంచుకోవచ్చు.

అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చి బిల్డింగుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కూలీలకు నేను మార్చుకోమని చెప్పను. సైటు అయిపోతే ఇంకో సైటుకి పోతారు, వానలు పడితే ఊరికి పోతారు. వాళ్లకి ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద బియ్యం ఎక్కడైనా అందుతుంది గానీ ఓటు వెంట రాదు. వలస ఓటర్ల కోసం ఒకే పోలింగ్ బూత్‌లో 72 నియోజకవర్గాల పోలింగ్ జరిపే రిమోట్ యంత్రాన్ని ఎన్నికల సంఘం తయారుచేయించి, 2023 జనవరి 16న పార్టీలను పిలిచింది. ప్రతిపక్షాలు వద్దన్నాయి, అది అక్కడే ఆగిపోయింది. అలాంటిది వచ్చేదాకా వీళ్లని ఊరికి చేర్చేది అభ్యర్థి పంపే బస్సే. ఓటర్లను ఉచితంగా పోలింగ్ కేంద్రానికి చేరవేయడానికి అభ్యర్థి వాహనం పెట్టడం అదే 1951 చట్టం 123(5) సెక్షన్ కింద అవినీతి చర్య. ఆ సంగతి తెలిసి కూడా, రోజు కూలీ పోగొట్టుకుని సొంత ఖర్చుతో వెళ్లమని వాళ్లకి నీతులు చెప్పే ధైర్యం నాకు లేదు. నెల జీతం వచ్చేవాళ్లు ఆ బస్సెక్కడాన్ని మాత్రం సమర్థించలేను.

పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడ్డ పెద్దవాళ్లకి ఓటు మార్చమంటే ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. అయినా ఏడాదిలో పది నెలలు ఇక్కడే ఉండేవాళ్లు ఒక విషయం గమనించాలి. 2025లో బీహార్‌లో జాబితాను ఇంటింటికీ తిరిగి సవరించినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండాపోయాయి. చనిపోయినవాళ్లు, రెండు చోట్ల ఉన్నవాళ్లతో పాటు, ఊరు విడిచి వెళ్లినవాళ్లు అన్నది పెద్ద పద్దు. తాళం వేసిన ఇంటికి బీఎల్ఓ వస్తే ఆ ఓటు ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు.

మార్చుకునేటప్పుడు

ఫారం 6 జోలికి పోవద్దు, అది కొత్త ఓటరుకి. దాంతోనే రెండు చోట్ల పేర్లు పడేది. మారేవాళ్లకి ఫారం 8. ఎన్నికల సంఘం ఓటర్ పోర్టల్‌లోనో యాప్‌లోనో నింపొచ్చు, అందులో నివాసం మారడం అన్న వరస ఎంచుకోవాలి. కార్డు నంబరు పాతదే ఉంటుంది.

చిక్కల్లా చిరునామా రుజువు దగ్గర. అద్దె ఒప్పందం చెల్లాలంటే అది రిజిస్టరై ఉండాలి. మనకిచ్చేది పదకొండు నెలల నోటరీ కాగితం, కరెంటు బిల్లు ఓనరు పేరు మీద. అందుకని ముందు ఆధార్‌లోనో బ్యాంకు పాసుపుస్తకంలోనో బెంగళూరు చిరునామా మార్చుకుని, అది జతచేయడం తేలిక. అదీ కుదరకపోతే బీఎల్ఓ ఇంటికొచ్చి చూస్తుంది. చాలాచోట్ల ఆవిడ అంగన్‌వాడీ టీచరో బడి టీచరో అయ్యుంటుంది, పగలు వస్తుంది, ఇంట్లో ఎవరూ లేకపోతే వెళ్లిపోతుంది. గేటు దగ్గర సెక్యూరిటీకి ముందే చెప్పి, ఆవిడకి మీ ఫోన్ నంబరు అందేలా చూడండి. ఎన్ని దరఖాస్తులు ఇక్కడ రాలిపోతాయో చెప్పలేను.

పేరు జాబితాకి ఎక్కాక ఇంకో తలనొప్పి. మన ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడ ఇనీషియల్ వెనకుంటుంది. తెలుగు పేరు ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి కన్నడలోకి వెళ్లేసరికి 'పద్మావతి' ఎలా తేలుతుందో దేవుడికి తెలియాలి. పేరుతో వెతికితే దొరకదు, కార్డు నంబరుతో వెతకండి. మన దేశంలో పేరు ఎలా రాశారన్నదాని మీద ఓటు పోవడం కొత్త కాదు. 1951–52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల్లో సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్న సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితా నుంచి కొట్టేయాల్సి వచ్చింది.

ఇదంతా షెడ్యూలు రాకముందే తెమిలిపోవాలి. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే జాబితాలో ఏ మార్పూ ఉండదు. ఫారం 8 ఆమోదం పొందిన నెలా రెండు నెలలకి ఊరి జాబితా కూడా ఒకసారి తీసి చూడండి. అక్కడి పేరు దానంతటదే పోవాలి. పోకపోతే మీరే ఫారం 7 పెట్టి తీయించుకోండి, రసీదు నంబరు దాచుకోండి.